విశాఖపట్టణపు బస్సులు - మన స్త్రీలు

ఇల్లు విడిచి నాలుగు మైళ్లు పోవలసిన పని పడినప్పుడు పురుషునకు తోచు మొదటి యాలోచన దారినిగూర్చి. మన స్త్రీలలో పెక్కుమందికి తోచు మొదటి యాలోచన పైకమునుగూర్చి. ఆసుపత్రికి పోవలెనన్నను, పుట్టింటనున్న తల్లిని చూచి రావలెనన్నను, గుడికి పోవలెనన్నను, బస్సు ఛార్జీకని భర్తనో కుమారునో చేయి చాపి యడుగవలసి వచ్చుచుండెడిది. అడిగినచో ఇయ్యని కఠినులు కొందరే యుందురు. కాని చిక్కంతయు అడుగుటయందే యున్నది. అడిగిన వెంటనే "ఎందుకు? ఎప్పుడు తిరిగి వత్తువు? ఈ వారము కాక పై వారము పోరాదా?" అను ప్రశ్నలు పుట్టును. ఆ ప్రశ్నలకు జంకి, పని మానుకొని, నొప్పిని ఓర్చుకొని యింట కూర్చుండిన యిల్లాండ్రు మన యిరుగుపొరుగున ఎందరు లేరు?

2025వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున "స్త్రీశక్తి" యను పేర నొక యేర్పాటు అమలునకు వచ్చినది. దాని ప్రకారము రాష్ట్ర రోడ్డురవాణా సంస్థవారి బస్సులలో ఐదు తరగతుల వానియందు బాలికలును, స్త్రీలును, ట్రాన్స్‌జెండర్లును ఛార్జీ లేకుండ ప్రయాణము చేయవచ్చును. ఇది మంచిదా, చెడ్డదా యని పురుషులు అరుగులమీదను పత్రికలలోను వాదించుకొనుచున్నారు. విశాఖపట్టణమును, దాని చుట్టుపట్ల నున్న గ్రామములను కన్నులయెదుట నుంచుకొని, బస్సు స్త్రీ జీవితమునకు ఏమి చేయుచున్నది, ఇంకను ఏమి చేయవలసి యున్నది అను విషయమును మనము మన దృష్టితో విచారింతము.

పూర్వపు ప్రయాణములు

నేటి బస్సు విలువ తెలియవలెనన్నచో నిన్నటి ప్రయాణములను తలచుకొనవలెను. మన ముత్తవ్వల కాలమున కలవారి యిండ్ల స్త్రీలు మేనాలలోను, గూడుబండ్లలోను, తెర కట్టిన జట్కాలలోను పోయెడివారు. లేనివారి స్త్రీలు నెత్తిన గంప పెట్టుకొని నడచిపోయెడివారు. మొదటివారికి బండి యున్నను స్వేచ్ఛ లేదు. రెండవవారికి స్వేచ్ఛ యున్నను బండి లేదు. విశాఖ పాతపట్టణములోని ప్రభుత్వ విక్టోరియా స్త్రీల ఆసుపత్రిని నేటికిని జనులు ఘోషా ఆసుపత్రి యని పిలుచుచుందురు. ఘోషా స్త్రీలు పరపురుషుల కంటబడకుండ వైద్యము పొందుటకు వేరుగ నొక చోటు కావలసి వచ్చిన దినముల గుర్తు ఆ పేరునందు నిలిచియున్నది. నేడు ఆ యాసుపత్రికే పోవు గర్భిణి పదిమంది నడుమ బస్సులో కూర్చుండి పోవుచున్నది. ఈ మార్పు ఒక్కనాటితో వచ్చినది కాదు.

కోస్తా జిల్లాలలో మొదట బస్సులు నడిపినవారు ప్రయివేటు యజమానులు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవగుటచే, బస్సు వెనుక నొక పొయ్యి తగిలించి, అందు బొగ్గు కాల్చి, ఆ వాయువుతో బండ్లు నడిపిరి. బొగ్గు బస్సులని జనులు వానిని పిలిచెడివారు. హైదరాబాదు సంస్థానమున 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డురవాణా శాఖను ప్రారంభించిరి. ప్రభుత్వపు బస్సు అను భావమునకు తెలుగునాట అది మొదలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట 1958 జనవరి 11వ తేదీన రాష్ట్ర రోడ్డురవాణా సంస్థ స్థాపితమైనది. ప్రయివేటు యజమానుల చేతనున్న మార్గములు క్రమముగ సంస్థకు వచ్చినవి. 2020 జనవరి 1వ తేదీనుండి సంస్థ యుద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి.

ఈ చరిత్ర మనకేల యని పాఠకురాండ్రు తలంపవచ్చును. లాభము కొరకు నడచు బస్సు జనము నిండుగ నున్న దారిని, నిండుగ నున్న వేళను మాత్రమే నడచును. పది యిండ్ల పల్లెకు, మిట్టమధ్యాహ్నపు వేళకు అది రాదు. సర్వజనుల సొమ్ముతో నడచు బస్సును మాత్రము మనము "మా యూరికేల రాదు?" అని అడుగవచ్చును. ఆ యడుగు హక్కే మన కథకు మూలము.

పట్టణపు రూపు

విశాఖపట్టణము ఇతర పట్టణములవలె నలుదిక్కుల సమముగ పెరిగినది కాదు. ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క సింహాచలపు కొండల వరుస, దక్షిణమున ఓడరేవు కాలువయు యారాడ కొండయు అడ్డము. మొదట కోటవీధి, బురుజుపేట మొదలగు పాత పేటలే పట్టణము. 1923లో కింగ్ జార్జి ఆసుపత్రి తెరువబడినది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొలది కాలమునకే వాల్తేరు మెట్టపై నెలకొన్నది. 1933లో ఓడరేవు ప్రారంభమైనది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శ్రీమతి ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి; 1992లో శ్రీ పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసిరి. 2005లో గాజువాకను, మరి యనేక గ్రామములను కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినది.

ఇట్లు పట్టణము కొండలకును సముద్రమునకును నడుమ సన్నని పట్టీలవలె సాగిపోయినది. ఈశాన్యమున భీమునిపట్నము వరకు, పడమట పెందుర్తి కొత్తవలసల వరకు, నైరుతిన గాజువాక దాటి అనకాపల్లి వరకు జనుల రాకపోకలు సాగుచున్నవి. ఇల్లొక చోట, పని యొక చోట, ఆసుపత్రి వేరొక చోట. పురుషులలో పలువురు మోటారు సైకిళ్లు కొనుక్కొనిరి. ఇంటికొక మోటారు సైకిలున్నచో దానిపై పనికి పోవువాడు పురుషుడే. స్త్రీకి మిగిలినవి రెండు: బస్సు, లేదా జనమును కిక్కిరియ నెక్కించుకొను ఆటో.

విశాఖ బస్సులకు నడిబొడ్డు ద్వారకా బస్ స్టేషను. ఆ పేరు చెప్పిన తెలిసికొనువారు తక్కువ. కాంప్లెక్సు అన్నచో పసిబిడ్డయు దారి చూపును. అచ్చటినుండి మద్దిలపాలెము, హనుమంతవాక, మధురవాడల మీదుగ తగరపువలస పోవు 222. సముద్రపు టొడ్డుదారిని ఋషికొండ మీదుగ రైల్వే స్టేషనుకును భీమునిపట్నమునకును నడుమ తిరుగు 900కె. గోపాలపట్నము మీదుగ సింహాచలము చేరు 28. ఉక్కునగరము దాపునగల కూర్మన్నపాలెమునకు పోవు 400. ఈ అంకెలు విశాఖ స్త్రీలకు కంఠోపాఠములు. అక్షరములు రాని అవ్వ సైతము దూరమునుండియే అంకెను పోల్చుకొని కొంగు బిగించి లేచి నిలుచును. చదువు చెప్పని అంకెలను బస్సు చెప్పినది.

స్త్రీ దినము ముక్కలు ముక్కలు

పురుషుని ప్రయాణమునకును స్త్రీ ప్రయాణమునకును గల భేదమును మనము సరిగ గుర్తింపము. పురుషుడు ఉదయమున ఇంటినుండి పనికి పోవును, సాయంకాలము పనినుండి యింటికి వచ్చును. రెండు టిక్కెట్లతో దినము ముగియును. ఇక పెందుర్తి దాపున నొక గ్రామమందుండు ఇల్లాలి దినమును ఊహింపుడు. ఉదయము పెందుర్తిలో బస్సెక్కి, గోపాలపట్నములో దిగి, అచ్చట నున్న తల్లికి మందులిచ్చును. మరల నొక బస్సెక్కి కింగ్ జార్జి ఆసుపత్రికి పోయి, అత్తగారి పరీక్షల కాగితములు తీసికొనును. అటనుండి పూర్ణా మార్కెట్టుకు పోయి నెలసరుకులు కొనును. బిడ్డ బడినుండి వచ్చు వేళకు ఇల్లు చేరుటకు నాలుగవ బస్సు ఎక్కును. దిగి యెక్కినప్పుడెల్లను ఒక టిక్కెట్టు. పురుషుడు తిరిగినంత దూరమే తిరిగినను ఆమెకు ఖర్చు ఎక్కువయగును. ఇంటి పనులను నలుగురికి చేసిపెట్టుచున్నందులకు ఆమె కట్టుచుండిన జరిమానావంటిది యీ యధిక వ్యయము.

ఈ జరిమానాను తప్పించుకొనుటకు ఆమె యేమి చేసెడిది? ఒకటి రెండు ఫర్లాంగులు కాదు, మైళ్లు నడచెడిది. లేదా నాలుగు పనులలో రెంటిని వదలుకొనెడిది. వదలుకొను పనులలో మొదటిది ఎల్లప్పుడును ఆమె సొంత పనియే. తల్లికి మందులు ఆగవు, అత్తగారి పరీక్షలు ఆగవు, బిడ్డ బడి యాగదు. తన వెన్నునొప్పి ఆగును, తన కంటి మసక ఆగును. ఛార్జీ లేని బస్సు వలన కలిగిన మేలులలో మొదటిదిగ నేను ఎంచునది యిదియే: ఆమె సొంత పని ఇప్పుడు జాబితాలో చివరనున్నను కొట్టివేయబడుట లేదు.

ఆసుపత్రుల మాట మరికొంత చెప్పవలసి యున్నది. విశాఖలో పెద్ద వైద్యాలయములు ఒక్క చోట లేవు. కింగ్ జార్జి ఆసుపత్రి మహారాణిపేటలో నున్నది. విమ్స్ ఆసుపత్రి హనుమంతవాకయందున్నది. క్యాన్సరు రోగులు చేరు హోమీ భాభా ఆసుపత్రి గాజువాక కవతల అగనంపూడిలో నున్నది. క్యాన్సరు వ్యాధికి కిరణచికిత్స ఒకనాటితో ముగియునది కాదు. వారములతరబడి దినదినము పోయి రావలసిన వారు పెక్కురు. రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు మన స్త్రీలను ఎక్కువగ బాధించుచున్నవి. ముందుగ కనిపెట్టినచో ఇవి చాలవరకు కుదురును. ముందుగ కనిపెట్టుటకు ముందుగ పోవలెను. ఛార్జీకి వెనుదీసి ఆరు మాసములు జాగు చేసిన స్త్రీకి ఆ ఆరు మాసములే ప్రాణాంతకము కావచ్చును.

చదువు మాట యును అట్టిదే. పదవ తరగతి వరకు బడి ఊరిలోనో ప్రక్క ఊరిలోనో యుండును. పిమ్మట కళాశాల దూరము. "ఇంత దూరము ఛార్జీ పెట్టి పంపి యేమి లాభము? పెండ్లి చేసిన సరి" యను మాట పుట్టునది అచ్చటనే. ఆ మాటకు గల రెండు కాళ్లలో నొకటి ఇప్పుడు విరిగినది. రెండవ కాలు భయము. దానినిగూర్చి ముందు చెప్పుదును.

ఇక పనిపాటలు చేసికొను స్త్రీల సంగతి. ఆనందపురము పూల అంగడికి పేరుపొందినది. అచ్చట పూలు కొని తెచ్చి పట్టణపు వీథులలో మూర లెక్కన అమ్ముకొను స్త్రీలు కలరు. ఇండ్లలో అంట్లు తోమి బట్టలుతుకు స్త్రీలు ఆరిలోవవంటి పేటలనుండి ఎం.వి.పి. కాలనీవంటి చోట్లకు తెల్లవారకముందే బయలుదేరుదురు. ఇట్టివారికి మిగిలిన ఛార్జీ నెల తిరుగునప్పటికి చిన్న మొత్తము కాదు. తమిళనాట 2021లో ఇట్టి యేర్పాటు రాగా, స్త్రీలకు సగటున నెలకు 800 రూపాయలకు మించి మిగులుచున్నదని ఆ రాష్ట్ర ప్రణాళికా సంఘమువారు పరిశీలించి చెప్పిరి. ఆ పైకము ఇంటి పాలకు, బిడ్డల పలకా పుస్తకములకు పోవునని వేరుగ చెప్పనక్కర లేదు.

దైవదర్శనము కూడ అల్పవిషయము కాదు. మార్గశిర మాసపు గురువారములందు బురుజుపేట కనకమహాలక్ష్మి యమ్మవారి సన్నిధికి స్త్రీలు తండోపతండములుగ వత్తురు. ఆ యమ్మవారికి గర్భగుడిపై కప్పు లేదు. భక్తురాండ్రు తమ చేతులతోనే పసుపు కుంకుమల నర్పింతురు. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలమున అప్పన్న నిజరూప దర్శనము. కుటుంబమంతయు కలసి పోవుదినమునకై కాచుకొనక, తనకు మనసైన నాడు ఒంటరిగ పోయి, దీపము పెట్టుకొని, మధ్యాహ్నమునకు ఇల్లు చేరు తృప్తి ఎట్టిదో అనుభవించినవారికే తెలియును.

తెలిసికొనవలసిన నియమములు

స్త్రీశక్తి యేర్పాటు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అను ఐదు తరగతుల బస్సులకు చెల్లును. నడుమ ఆగని నాన్‌స్టాప్ బస్సులకును, చలువ యంత్రములు గల బస్సులకును, సూపర్ లగ్జరీవంటి వానికిని, పొరుగు రాష్ట్రములకు పోవు బస్సులకును చెల్లదు. కావున ఎక్కుటకు ముందే బస్సుపై వ్రాసిన తరగతిని చదువుకొనవలెను. ఆంధ్రప్రదేశ్ నివాసినులమని చూపుటకు ఆధార్ కార్డు, ఓటరు కార్డు, రేషను కార్డులవంటి గుర్తింపులలో నొకటి చేత నుండవలెను. 2022లో పాత విశాఖ జిల్లా మూడు జిల్లాలుగ విడిపోయినను ఈ ప్రయాణమునకు జిల్లా హద్దులు లేవు. అనకాపల్లి స్త్రీ విశాఖకును, విశాఖ స్త్రీ విజయనగరమునకును పోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. ఛార్జీ లేకున్నను టిక్కెట్టు తప్పక తీసికొనవలెను. కండక్టరు చేతియంత్రమునుండి సున్న రూపాయల టిక్కెట్టు ఇచ్చును. "డబ్బు లేనిదానికి కాగిత మెందులకు?" అని కొందరు దానిని అడుగకయే కూర్చుందురు. అది పెద్ద పొరపాటు. ఆ టిక్కెట్టుల లెక్కనుబట్టి ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లించును. ఏ దారిని, ఏ వేళను, ఎందరు స్త్రీలు పోవుచున్నారో తెలుపు సాక్ష్యమును అదియే. మన యూరి బస్సులో నలుబదిమంది స్త్రీలు పోయి ఇరువదిమందియే టిక్కెట్టు తీసికొన్నచో, కాగితముపై ఆ బస్సు సగము వట్టిది. వట్టి బస్సును తగ్గించుట సులభము. కావున సున్న టిక్కెట్టు అనిన చులకన వలదు.

ఆక్షేపణలు - లోపములు

"ఇది దానము. ఊరక వచ్చినదానికి విలువ యుండదు" అని కొందరందురు. వీథిదీపము క్రింద నడచునప్పుడు మనమెవరము ఛార్జీ చెల్లింపము. దానిని దాన మనము. అందరి పన్నులతో వెలుగు దీపమది. ఉప్పు, సబ్బు, చీర కొను ప్రతి స్త్రీయు పన్ను కట్టుచునే యున్నది. బస్సును ఆమె తన సొమ్ముతోనే ఎక్కుచున్నది.

"స్త్రీలు పని లేకుండ తిరుగుదురు" అని మరికొందరందురు. ఇంటి చాకిరి తీరి, పని లేకుండ తిరుగు భాగ్యము మన స్త్రీలలో ఎందరికి కలదో ఆ యన్నవారే లెక్కించి చెప్పవలెను. ఒకవేళ నొక పూట నలుగురు స్నేహితురాండ్రు కలసి సముద్రపు టొడ్డున కూర్చుండి గాలి పీల్చుకొన్నచో లోకమునకు వచ్చిన నష్ట మేమి?

తోసివేయరాని యాక్షేపణలును గలవు. మొదటిది ఆటోవారి సంగతి. ఆటో నడుపువాడును ఒక ఇల్లాలి భర్తయే. అతని రాబడి తగ్గినచో ఆ ఇంట పొయ్యి చల్లబడును. ప్రభుత్వము 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్లకు తలకు 15,000 రూపాయల చొప్పున సాయము చేసినది. అది కొంత ఊరట. బస్సు రాని సందుగొందులకు, రాత్రివేళలకు, రోగులను తీసికొనిపోవుటకు ఆటో యక్కర ఎన్నటికిని తీరునది కాదు. బస్సు దిగినచోటనుండి ఇంటికి చేర్చు తోడుగ ఆటో నిలిచినచో ఇరువురకును మేలు.

రెండవది క్రిక్కిరిత. ఎక్కువారు పెరిగినంతగ బస్సులు పెరుగకున్నచో, ఉచితమన్న మాట కాగితముపై మిగిలి, మన భాగమునకు మెట్టుపై నిలుచు చోటే దక్కును. చంకన బిడ్డతో నున్న తల్లియు, నిండు నెలల గర్భిణియు ఆ త్రొక్కిడిలో ఎక్కలేక వెనుకబడుదురు. టిక్కెట్టు కొన్న పురుషులు నిలుచుండి, కొనని స్త్రీలు కూర్చుండుటచే మాటామాటా పెరుగుటయు కలదు. దీనికి మందు స్త్రీలను దింపివేయుట కాదు, బస్సులను పెంచుటయే.

మూడవది ఎవరును లెక్కలోనికి తీసికొననిది. బస్సులో గడపు వేళ అరగంటయైనచో బస్సు కొరకు నిలుచు వేళ ఒక్కొక్కప్పుడు అంతకు మించును. ఎండకు వానకు నీడ లేని చోట, దీపము లేని మలుపున, సంజ వేళ ఒంటరిగ నిలుచు పడుచుపిల్ల భయము ఛార్జీ తీసివేసినంత మాత్రమున పోదు. చదువు మాన్పించు మాటకు రెండవ కాలు భయమంటినే, అది యిచ్చటనే యున్నది. తండ్రి కూతును కళాశాల మాన్పించుట ఛార్జీకి వెరచి కాదు, సాయంకాలపు బస్సు వచ్చునో రాదో యని వెరచి. ఒక మంచి దీపము, ఒక నీడ, చెప్పిన వేళకు వచ్చు ఒక బస్సు, ఈ మూడును ఛార్జీ మాఫీతో సమానమైనవని నా యభిప్రాయము. ఆపద తోచినప్పుడు 112 నంబరునకును, స్త్రీల సహాయమునకై యున్న 181 నంబరునకును ఫోను చేయవచ్చునని ప్రతి బాలికకును ఇంట నేర్పవలెను.

మనము చేయవలసినది

అమెరికా దేశమున అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ పట్టణమున 1955 డిసెంబరు 1వ తేదీన రోజా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ, కుట్టుపని చేసి యింటికి పోవుచు, బస్సులో తన యాసనమును తెల్లవానికి విడువ నిరాకరించి చెరకు పోయినది. జో ఆన్ రాబిన్‌సన్ అను ఉపాధ్యాయిని, ఆమె స్త్రీల సంఘమువారు రాత్రికి రాత్రి కరపత్రములు అచ్చొత్తి ఊరంతట పంచిరి. 381 దినములు నల్లవారు బస్సెక్కలేదు. ఇండ్లలో వంటపని చేయు స్త్రీలు మైళ్లకొలది నడచిరి. తుదకు సర్వోన్నత న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పినది. వారి కష్టము వేరు, మన కష్టము వేరు. కాని వారినుండి నేర్చుకొనదగిన దొకటి యున్నది. బస్సులో నెక్కువగ పోవువారు స్త్రీలైనప్పుడు, వారు ఒక్క మాటపై నిలిచినచో ఆ మాటను తోసివేయుట ఎవరికిని సాధ్యము కాదు.

మనకు బస్సెక్కుట మానవలసిన యవసరము లేదు. మన యూళ్లలో డ్వాక్రా సంఘము లేని వీథి యరుదు. అప్పులు, పొదుపులు చర్చించుకొను ఆ కూటములలో నెలకొకసారి బస్సు మాటయు ఎత్తవలెను. ఏ వేళకు బస్సు కావలెను, ఏ మలుపున దీపము లేదు, సాయంకాలపు చివరి బస్సు కళాశాల విడుచు వేళకు సరిపోవుచున్నదా యని వ్రాసికొని, పదిమంది చేవ్రాళ్లతో డిపో మేనేజరుకు పంపవలెను. దీపము, నీడ నగరపాలక సంస్థ పని. బస్సు వేళ రవాణా సంస్థ పని. ఎవరి పని వారికి వేరువేరుగ వ్రాసినచో ఒకరిపై నొకరు నెట్టుటకు వీలుండదు. సంస్థవారు అప్పుడప్పుడు ఫోను ద్వారా ప్రయాణికుల విన్నపములు విను కార్యక్రమములు నడుపుదురు. వానిలో ఫోను చేయువారిలో మన గొంతు వినబడవలెను.

మన పక్షమున నడవడియు కొంత దిద్దుకొనవలెను. నిండు బస్సులో మన ప్రక్క మూట నుంచి చోటాపుట తగదు. ముసలి పురుషునకును, రోగికిని మనమే లేచి చోటిచ్చినచో గొణుగువారి నోళ్లు వానంతటవే మూతపడును. కండక్టరు, డ్రైవరు దినమెల్ల నిలుచుండియు, త్రొక్కిడిలో మెలగియు పనిచేయు మనుష్యులు. కండక్టర్లలో మన యాడుబిడ్డలును కలరు. వారితో మర్యాదగ మాటాడుట మనకు గౌరవము. వృద్ధురాలైన అత్తగారికి సైతము ఒకసారి తోడుపోయి, ఏ అంకె బస్సు ఎక్కవలెనో, ఎచ్చట దిగవలెనో చూపి, రెండవసారి ఆమెను ఒంటరిగ పంపి చూడుడు. ఆమె ముఖమున కానవచ్చు కళ మీకు చాలును.

మొదట చెప్పిన ప్రశ్నలను మరల తలచుకొందము. ఎందుకు పోవుచున్నావు? ఎప్పుడు వత్తువు? ఈ వారమే పోవలెనా? బస్సెక్కిన స్త్రీని ఇవి యెవ్వరును అడుగరు. కండక్టరు దగ్గరకు వచ్చి యడుగునది యొక్కటే: "ఎక్కడికమ్మా?" దానికి బదులు చెప్పుటకు ఆమెకు ఒకరి యనుమతి అక్కర లేదు. తాను పోవలసిన ఊరి పేరు తన నోటితో చెప్పి, సున్న టిక్కెట్టు పుచ్చుకొని, కిటికీ ప్రక్కన కూర్చుండినచో చాలును. ఆ కిటికీ ప్రక్క చోటు, ఆ చివరి బస్సు, ఆ మలుపున దీపము మన బిడ్డలకు నిలిచియుండునట్లు చూచుకొనుట ఇక మన పని.